సిరప్ కన్నా ముందు సీసా
పిల్లల మూత్ర ఇన్‌ఫెక్షన్లు, మందుకు లొంగని సూక్ష్మజీవులు: కృష్ణా మెట్ట నుంచి ఒక సమీక్ష

జగ్గయ్యపేట, నందిగామ పక్క పత్తి రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేని పాఠం ఒకటుంది. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చిన కొత్తలో శనగపచ్చ పురుగు పిచికారీకి రాలిపోయేది. కొన్నేళ్లకే మోతాదు పెంచినా, విడతలు పెంచినా చావడం మానేసింది. 1987లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పత్తి రైతు నిండా మునిగాడు. తర్వాత బీటీ పత్తి వచ్చింది. గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. ఇన్ని దెబ్బలు తిన్నాకే చేలో లింగాకర్షక బుట్టలు కట్టి, ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్క చూసుకుని, అప్పుడు మందు కొట్టాలన్న మాట ఊళ్లలో నాటుకుంది.

చేలో నేర్చుకున్న ఆ పాఠాన్ని ఇంట్లో పసిబిడ్డ ఒళ్లు కాలుతున్నప్పుడు మాత్రం మరిచిపోతున్నాం. ఏ పురుగో చూడకుండానే మందు పోస్తున్నాం. అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అయితే, చూసే దారి ఉన్న జబ్బును కూడా చూడకుండా వదిలేసినట్టు. పిల్లల మూత్ర ఇన్‌ఫెక్షన్లలో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎంత పెరిగాయి, ఎందుకు పెరిగాయి, పరిశోధనలు ఏం తేల్చాయి, మన మెట్ట ఊళ్లలో ఏం చేయొచ్చు అన్నది ఈ సమీక్ష. అన్నీ చదివాక నాకు మిగిలిన మాట ఒక్కటే. మొదటి గుక్క సిరప్ తాగించే ముందు పట్టిన ఒక్క మూత్రం సీసా మీదే ఈ సమస్యలో సగం ఆధారపడి ఉంది.

జ్వరం వెనక దాక్కునే జబ్బు

ఇది అరుదైన జబ్బు కాదు. స్వీడన్‌లో బడిలో చేరే ఏడేళ్ల పిల్లల వివరాలు సేకరిస్తే, ఆడపిల్లల్లో నూటికి దాదాపు ఎనిమిది మందికి, మగపిల్లల్లో దాదాపు ఇద్దరికి అప్పటికే ఒకసారి వచ్చిపోయిందని తేలింది. జ్వరంతో ఆసుపత్రికి వచ్చే రెండేళ్లలోపు పిల్లల్లో సుమారు 7 శాతం మందికి కారణం ఇదేనని అనేక అధ్యయనాలను కలిపి చూసిన లెక్క.

కాస్త పెద్ద పిల్లలైతే నోటితో చెబుతారు. ఒంటికి పోసేటప్పుడు మంట అంటారు, మాటిమాటికీ వెళతారు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు. ఏడాది నిండని బిడ్డ ఏం చెబుతుంది? జ్వరం, వాంతి, పాలు తాగకపోవడం, చిరాకు, అంతే. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు, జ్వరం మాత్రం దిగదు. అలాంటి జ్వరంలో మొదట అనుమానించాల్సింది మూత్రాన్ని.

మన ఇళ్లలో ఉచ్చ మంటకు మొదటి పేరు ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, పలుచటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు పడతాయి. మే నెలలో నందిగామ ఎండకు ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడి మండడం నిజమే, నీళ్లు పట్టడమూ మంచిదే. అయితే మంటకు జ్వరం తోడైందంటే అది ఒట్టి వేడి కాదు. సూక్ష్మజీవి మూత్రాశయం దాటి కిడ్నీ దాకా ఎక్కి ఉండొచ్చు. జ్వరంతో కూడిన మొదటి ఇన్‌ఫెక్షన్ తర్వాత సుమారు 15 శాతం మంది పిల్లల కిడ్నీల మీద మచ్చ మిగిలిపోతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. వైద్యం రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఆ ముప్పు పెరుగుతుంది. పెద్ద మచ్చలు ముందుముందు రక్తపోటుకు, కొందరిలో కిడ్నీ దెబ్బతినడానికి దారి తీస్తాయి. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఇళ్లకిళ్లను ఎలా కుంగదీసిందో చూశాం. అది వేరే జబ్బు, దాని కారణాలు వేరు. కిడ్నీ పోతే ఇల్లు ఏమవుతుందో మాత్రం ఈ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సీసా పట్టడంలోనే ఉంది వైద్యం

మూత్రం కల్చర్ అంటే లింగాకర్షక బుట్ట లాంటిదే. ఏ సూక్ష్మజీవి ఉంది, ఎంత ఉంది, ఏ మందుకు చస్తుంది అన్న మూడు సంగతులూ అదే చెబుతుంది. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ 1950లలో పెట్టిన మిల్లీలీటరుకు లక్ష సూక్ష్మజీవులన్న గీత ఇప్పటికీ నడుస్తోంది. పసిపిల్లల్లో గొట్టంతో తీసిన మూత్రానికి 50 వేలు చాలని, దానితోపాటు మూత్రంలో చీము కణాలూ కనిపించాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో చెప్పింది.

చిక్కంతా మూత్రం పట్టడంలో ఉంది. బిడ్డకు సంచి అతికిస్తే చర్మం మీది, మలంలోని సూక్ష్మజీవులు కలిసి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తాయి. అందుకని శుభ్రంగా కడిగి, ధార మధ్యలో పట్టాలి. చంటిబిడ్డ అడిగినప్పుడు పోయదు కదా అంటారు. ఆస్ట్రేలియాలో 354 మంది పసిపిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. చల్లటి నీటిలో తడిపిన గుడ్డతో పొత్తికడుపు కింద మెల్లగా రుద్దితే ఐదు నిమిషాల్లో 31 శాతం మంది పోశారు. రుద్దకుండా ఎదురుచూసిన వాళ్లలో 12 శాతమే. ఏ తల్లి అయినా చేయగలిగిన పని ఇది.

రెండో చిక్కు దూరం. జగ్గయ్యపేట నుంచి విజయవాడకు సుమారు 75 కిలోమీటర్లు, నందిగామ నుంచి 50. వత్సవాయి, చందర్లపాడు పల్లెల వాళ్లకు ఆ పట్టణాల దాకా ప్రయాణం అదనం. వెచ్చటి మూత్రంలో ఇ.కోలై దాదాపు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. ఎండలో మూడు గంటలు ప్రయాణించిన సీసాలో ఒకటి ఐదు వందలు అవుతుంది. అప్పుడు ల్యాబ్ చెప్పేది బిడ్డ సంగతి కాదు, ప్రయాణం సంగతి. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. లేదంటే చల్లగా, ఫ్రిజ్‌లో ఉంచినట్టు 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. అలా ఉంచితే ఒక రోజు ఆగుతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఒక్క మోతాదు యాంటీబయాటిక్ పడినా కొన్ని గంటల్లో మూత్రంలో సూక్ష్మజీవి మొలవకుండా పోతుంది. రెండు రోజులు సిరప్ తాగి, జ్వరం తగ్గక పట్నం వెళ్లిన బిడ్డ సీసాలో ఏమీ కనిపించదు. కిడ్నీలో జబ్బు ఉండొచ్చు, రిపోర్టు మాత్రం శుభ్రం. అక్కడి డాక్టరుకు ఇక ఊహే దిక్కు. ఊహించినప్పుడు ఎవరైనా ఇంకా పెద్ద మందుకే పోతారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

పిల్లల మూత్ర ఇన్‌ఫెక్షన్లలో పదింట ఎనిమిదికి కారణం మన పేగుల్లోనే ఉండే ఇ.కోలై. అది ఏ మందుకు ఎంత లొంగకుండా పోయిందన్న ప్రశ్నకు అందరూ చూసే లెక్క బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు 2016లో ప్రచురించింది. 26 దేశాల నుంచి 58 అధ్యయనాలు, 77,783 ఇ.కోలై నమూనాలు, అన్నీ పిల్లలవే. ఆంపిసిలిన్‌కు లొంగనివి ధనిక దేశాల్లో 53 శాతం, మనలాంటి దేశాల్లో దాదాపు 80 శాతం. కో-అమాక్సిక్లావ్‌కు అక్కడ 8, ఇక్కడ 60. సిప్రోఫ్లాక్సాసిన్‌కు అక్కడ 2, ఇక్కడ 27. పాతకాలపు నైట్రోఫ్యురాంటాయిన్‌కు అక్కడ 1, ఇక్కడ 17.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. పేద దేశాల్లో కల్చర్ దాకా వచ్చేవి ఎక్కువగా మందుకు తగ్గని బిడ్డల సీసాలే. తేలిగ్గా తగ్గినవాళ్ల సీసా ఎవరూ పట్టరు. కాబట్టి ఆసుపత్రి అంకె ఊళ్లోని నిజం కన్నా కొంత పెద్దదిగా కనిపిస్తుంది. పైగా మూత్రంలో మందు చిక్కగా చేరుతుంది గనక, ల్యాబ్ పలకలో లొంగనిది ఒంట్లో ఒక్కోసారి లొంగుతుంది. ఈ రెండు మినహాయింపులూ ఇచ్చాక కూడా తేడా చిన్నది కాదు.

మన దేశపు చిత్రం భారత వైద్య పరిశోధన మండలి 2013లో మొదలుపెట్టిన నిఘా వలయం నుంచి వస్తోంది. ఆ వార్షిక నివేదికల్లో పెద్దలూ పిల్లలూ కలిసే ఉంటారు, నమూనాలు పెద్ద ఆసుపత్రులవి. ఇ.కోలైలో మూడింట రెండొంతులకు పైగా మూడో తరం సెఫలోస్పోరిన్లకు లొంగడం లేదు. మన ఊళ్లలో పిల్లల జ్వరానికి విరివిగా పోసే సెఫిక్సిమ్ ఆ తరానిదే. చివరి ఆసరాగా దాచుకున్న కార్బాపెనెమ్‌ల సంగతి ఇంకా బాధ పెడుతుంది. ఇమిపెనెమ్‌కు లొంగే ఇ.కోలై 2016లో 80 శాతం పైన ఉంటే, 2021కి 64 శాతానికి పడిపోయింది. ఊరటనిచ్చేది ఒక్కటే, మూత్రంలోని ఇ.కోలై మీద నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

ఇంతదాకా ఎలా వచ్చింది

సూక్ష్మజీవి మందును రెండు మూడు దారుల్లో ఓడిస్తుంది. మందును తుంచేసే ఎంజైము తయారుచేసుకుంటుంది, లేదా మందు అంటుకునే చోటు మార్చుకుంటుంది, లేదా లోపలికి వచ్చిన మందును బయటికి తోడేస్తుంది. ఈ విద్యను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరంలో పెట్టి పక్క సూక్ష్మజీవికి అందిస్తుంది. పురుగుకు తట్టుకునే గుణం పిల్లలకే పోతుంది, సూక్ష్మజీవి ఇరుగుపొరుగుకూ పంచగలదు. చేలో కన్నా పేగులో ఈ వ్యాప్తి వేగం అందుకే.

మందు వాడకానికీ దీనికీ లంకె ఎంత బలమైందో బ్రిస్టల్ సమీక్షే చూపించింది. గడిచిన నెలలో యాంటీబయాటిక్ వాడిన పిల్లల మూత్రంలో ఆ మందుకు లొంగని ఇ.కోలై దొరికే అవకాశం, వాడని వాళ్లకన్నా 13 రెట్ల దాకా ఎక్కువ. ఆ నీడ ఆరు నెలల దాకా ఉంటుంది. జలుబుకు పోసిన సిరప్ అక్కరకు రాకపోగా, మూడు నెలల తర్వాత వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు అసలు మందును ముందే మొద్దుబార్చి పెడుతుందన్న మాట.

మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలుసు. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, మూడు రోజులు తాగించి, జ్వరం దిగగానే ఆపుతాం. మిగిలింది తలుపు అరలో పెట్టి మరోసారికి దాస్తాం. కలిపిన సిరప్ ఒకటి రెండు వారాలకే బలం కోల్పోతుంది. అప్పుడు పోసేది చంపడానికి చాలని మందు, సూక్ష్మజీవికి తర్ఫీదు ఇవ్వడానికి సరిపోయే మందు.

చట్టం లేక కాదు. మూడో, నాలుగో తరం సెఫలోస్పోరిన్లు, కార్బాపెనెమ్‌లతో సహా 46 మందులను హెచ్1 షెడ్యూలులో చేర్చారు. 2014 మార్చి 1 నుంచి వాటిని చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు రాసిన పుస్తకాన్ని షాపు మూడేళ్లు దాచాలి. 2016లో మాత్రల పట్టీల మీద నిలువు ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా వాడొద్దని ప్రచారం చేశారు. 2018 సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించారు, వాటిలో యాంటీబయాటిక్ జోడింపులూ ఉన్నాయి. 2019లో కోళ్లు, చేపలు, పశువుల మేతలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని ఆపారు. నియమాలు పుస్తకంలో బాగానే ఉన్నాయి, కౌంటరు దగ్గరికి వచ్చేసరికి సడలిపోతున్నాయి.

తెలుగునేలకు యాంటీబయాటిక్‌తో పాత చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలను నడిపిస్తున్న రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ అక్కడ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మొదటిది. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాతి కాలంలో హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగి ప్రపంచానికి చవక మందులిచ్చింది. దానికి మరో ముఖం కూడా ఉంది. స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన వ్యర్థజలంలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనుగొంది. ఒక్క రోజులో బయటికి పోయే ఆ మందు దాదాపు 45 కిలోలని లెక్క కట్టారు. అప్పట్లో ఆ నీరు చేరింది గోదావరి వైపు. హైదరాబాద్ మురుగు మోసే మూసీ మాత్రం వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల దాటి మన ముక్త్యాల పక్క నుంచే వస్తుంది. ఒక బిడ్డ ఇన్‌ఫెక్షన్‌ను నదికి అంటగట్టడం తప్పు. కానీ మురుగూ తాగునీరూ విడివిడిగా ఉండని చోట మందుకు లొంగని సూక్ష్మజీవి ఒక ఇంటి గోడ దగ్గర ఆగదు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి మరో మూడు దేశాల ఆసుపత్రులతో కలిసి చేసి 2025లో ప్రచురించిన పరిశీలనలో, ఎండోస్కోపీ చికిత్సకు వచ్చిన భారతీయ రోగుల్లో 83 శాతం మంది ఒంట్లో అలాంటి సూక్ష్మజీవులు కాపురమున్నాయి. నెదర్లాండ్స్‌లో అది 11 శాతం. వాళ్లు ఆసుపత్రికి వచ్చిన పెద్దవాళ్లే, అయినా బిడ్డను ఎత్తుకునేది ఆ చేతులే.

ఏ మందు, ఎన్నాళ్లు

పరిశోధనలు కొన్ని పాత నమ్మకాలను సరిదిద్దాయి. మొదటిది సూది మీద నమ్మకం. 1999లో అమెరికాలో జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్ ఉన్న 306 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్షలో, నోటి మందు సెఫిక్సిమ్ నరానికి ఎక్కించే మందుతో సమానంగా పనిచేసింది. సూక్ష్మజీవి లొంగేదైతే సిరప్ చాలు, లొంగనిదైతే అదే జాతి మందును సూదిలో ఎక్కించినా ఫలితం ఉండదు. వాంతులు ఆగని బిడ్డకు, రెండు మూడు నెలలు నిండని పసికందుకు మాత్రం సూదే సరైనది. వాళ్లను ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చాలి.

రెండోది రోజుల లెక్క. జ్వరంతో వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కు ఏడు నుంచి పది రోజులు వాడడం రివాజు. జ్వరం లేని మూత్రాశయపు మంటకు మూడు నుంచి ఐదు రోజులు చాలు. ఐదు రోజులకే బాగా కోలుకున్న పిల్లల్లో మందు అక్కడే ఆపితే ఏమవుతుందని అమెరికాలో పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. ఆపిన వాళ్లలో 4 శాతం మందికి, పది రోజులు వాడిన వాళ్లలో 1 శాతం లోపు మందికి జబ్బు తిరగబెట్టింది. రెండూ చిన్న అంకెలే. ఎక్కువ రోజులు వాడితే కొంచెం మెరుగు, తక్కువ రోజులతోనూ చాలామంది బాగుపడుతున్నారు. ఎప్పుడు ఆపాలన్నది డాక్టరు చెప్పాలి, థర్మామీటరు కాదు.

మూడోది ముందుజాగ్రత్త మందు. మూత్రం కిడ్నీ వైపు వెనక్కి తన్నే పిల్లలకు నెలల తరబడి చిన్న మోతాదు ఇవ్వడం ఆనవాయితీ. 607 మంది పిల్లల మీద జరిగి 2014లో వెలువడిన అమెరికా పరీక్షలో ఇలా ఇస్తే ఇన్‌ఫెక్షన్లు సగానికి తగ్గాయి. కిడ్నీ మచ్చలు మాత్రం తగ్గలేదు. పైగా మందు వాడుతుండగా వచ్చిన ఇ.కోలైలో 63 శాతం ఆ మందుకు లొంగనివి, వాడని వాళ్లలో 19 శాతమే. 2023లో ఐరోపాలో 292 మంది పసిపిల్లల మీద వచ్చిన ఫలితమూ ఇదే వైపు చూపింది. మొదటి ఇన్‌ఫెక్షన్ 36 శాతం నుంచి 21 శాతానికి తగ్గింది, మచ్చల్లో తేడా లేదు, లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి. అందుకే ఇది అందరికీ కాదు. ఎక్కువ తన్ను ఉన్నవాళ్లకు, మళ్లీ మళ్లీ జ్వరం వచ్చేవాళ్లకు ఆలోచించి ఇవ్వాలి.

ఇక 1953లో వాడకంలోకి వచ్చిన నైట్రోఫ్యురాంటాయిన్ డెబ్బై ఏళ్లు దాటినా నిలబడింది. అది సూక్ష్మజీవిని ఒకేసారి పలుచోట్ల దెబ్బతీస్తుంది, తప్పించుకోవడానికి ఒక్క మార్పు చాలదు. అయితే అది మూత్రంలోనే చేరుతుంది, కిడ్నీ కండలోకి చాలినంత పోదు. కాబట్టి జ్వరం లేని మంటకే పనికొస్తుంది. అసలు లక్షణాలే లేకుండా కల్చర్‌లో సూక్ష్మజీవి కనిపిస్తే దానికి మందు వాడకూడదు. దాన్ని చంపితే ఆ చోట మరింత మొండిది చేరే ప్రమాదం ఉంది.

మందు లేకుండా తగ్గించే దారులు మన చేతిలోనే ఉన్నాయి. మలబద్ధకం ఉన్న బిడ్డ మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, నిలవ నీటిలో సూక్ష్మజీవి పెరుగుతుంది. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా, ఒంటికి వెళ్లకుండా బిగబట్టే ఆడపిల్లలు మనకు తెలుసు. ప్రభుత్వ బడుల్లో 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో నీటి వసతితో మరుగుదొడ్లను చేర్చడం ఆ లెక్కన కిడ్నీ వైద్యం కూడా. అవి రోజూ శుభ్రంగా, తాళం తీసి ఉండాలి. మగబిడ్డకు ధార సన్నగా, చుక్కచుక్కగా వస్తుంటే మూత్రనాళంలో అడ్డు ఉందేమో చూపించాలి.

మెట్టలో ఏం చేయొచ్చు

జబ్బు ఆలస్యాన్ని సహించదు, కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. కుదురుతుంది. సీసా పట్టడానికి పట్టేది పది నిమిషాలు. పట్టాక ఆ క్షణమే మందు మొదలుపెట్టొచ్చు. మూడో రోజు రిపోర్టు వచ్చాక మందు మార్చాలా, చిన్న మందుకు దిగొచ్చా, అసలు ఆపేయొచ్చా అన్నది చూసుకోవచ్చు.

రాత్రి పదకొండు గంటలకు పెనుగంచిప్రోలు పక్క పల్లెలో బిడ్డ ఒళ్లు కాలితే తల్లి వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, ఆయన దగ్గర పది శుభ్రమైన సీసాలూ, మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీలూ ఉండేలా చూడాలి. ఆ పట్టీకి పసిపిల్లల్లో కొన్నిసార్లు జబ్బు చిక్కదు. మూత్రాశయంలో మూత్రం కొన్ని గంటలు నిలిస్తేనే పట్టీ మీది నైట్రైట్ గడి రంగు మారుతుంది, చంటిబిడ్డకు అంతసేపు నిలవదు. అయినా అనుమానాన్ని పెంచడానికో తగ్గించడానికో పనికొస్తుంది.

సీసాను చల్లగా పంపడం మన ఆరోగ్య సిబ్బందికి కొత్త విద్య కాదు. పిల్లల్లో కాలో చెయ్యో హఠాత్తుగా చచ్చుబడితే మలం నమూనాను ఐస్ పెట్టెలో పెట్టి ల్యాబ్‌కు పంపే పద్ధతి పోలియో నిఘాలో ఏళ్లుగా నడుస్తోంది. 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చిందంటే ఆ ఐస్ పెట్టెల వంతు అందులో ఉంది. అలాంటివే, టీకాలతో కలవకుండా విడిగా, జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి రోజుకోసారి విజయవాడ వైద్య కళాశాల ల్యాబ్‌కు వెళ్లే ఏర్పాటు చేయొచ్చు. బోరిక్ యాసిడ్ వేసిన సీసాలూ ఉన్నాయి, వాటిలో మూత్రం ఐస్ లేకున్నా ఒక రోజు ఆగుతుంది.

అలా వచ్చిన ఫలితాలను ఏడాదికోసారి కూడి, ఈ రెండు పట్టణాల పిల్లల మూత్రంలో ఏ మందు ఎంత పనిచేస్తోందో ఒక్క కాగితం మీద రాసి ప్రతి క్లినిక్ గోడకూ అతికించాలి. కేరళ 2018లోనే రాష్ట్ర ప్రణాళిక వేసుకుంది, ఆంధ్రప్రదేశ్‌కూ ప్రణాళిక ఉంది. ప్రణాళిక ఊరికి చేరడమంటే ఆ కాగితమే. బ్రిస్టల్ అంకెలతో, ఢిల్లీ అంకెలతో వత్సవాయి బిడ్డకు వైద్యం చేయడం పక్క జిల్లా పురుగును చూసి మన చేలో మందు కొట్టడమే.

అమ్మలకు, నాన్నలకు చెప్పవలసింది చిన్న మాట. కారణం కనిపించని జ్వరానికి ఎవరైనా యాంటీబయాటిక్ రాస్తే, “మూత్రం పరీక్ష చేయించమంటారా సార్?” అని ఒక్కసారి అడగండి. మిగిలిన సిరప్ దాచకండి. పోయినసారి చీటీతో ఈసారి మందు కొనకండి. పాత రిపోర్టులు ఒక కవరులో భద్రం చేయండి, ఆరు నెలల నాటి మందు పేరు కూడా డాక్టరుకు పనికొస్తుంది.

మందు కొట్టే ముందు బుట్టలో పురుగులు లెక్కపెట్టే అలవాటు మన చేలకు రావడానికి ఎన్నో పంటలు పోయాయి. బిడ్డల విషయంలో అంత మూల్యం చెల్లించకుండానే నేర్చుకోగలం. అందుకు కావలసినవి శుభ్రమైన ఒక సీసా, కాసిని ఐస్ ముక్కలు, పది నిమిషాల ఓపిక. జ్వరం వచ్చిన ఆ రాత్రి ఇవి మన ఊళ్లోనే దొరికేలా చేసుకోవాలి.